సినిమా తీయకముందే సినిమా చూడటం

పెద్ద యానిమేషన్ స్టూడియోలు ఒక సినిమాను ఒక్కసారే తీసి ఊరుకోవు. థియేటర్లో జనం చూసేది ఆఖరిసారి తయారైన సినిమా. దానికి ముందు అదే కథ గీతల బొమ్మలతో, తాత్కాలిక గొంతులతో, చవకగా ఎన్నోసార్లు తయారై ఉంటుంది. తయారైన ప్రతిసారీ పదిమందీ కూర్చుని చూస్తారు. బాగోలేదనిపించిన భాగాన్ని తీసి అవతల పారేస్తారు. మళ్లీ గీస్తారు. మళ్లీ చూస్తారు. ఒక్కోసారి ఈ పనికే రెండు మూడేళ్లు పడుతుంది. అసలు ఖర్చు మొదలయ్యేది ఆ తర్వాతే.

శ్రోతలారా, ఈ ప్రసంగం ఆ ఒక్క పద్ధతి గురించే. తప్పు ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. ఎప్పుడు బయటపడిందన్నదే ముఖ్యం. చవకగా దిద్దుకోగలిగినప్పుడే దాన్ని పట్టుకోవడం ఎలా? హాలీవుడ్ యానిమేషన్ స్టూడియోలు దాదాపు తొంభై ఏళ్లుగా చేస్తున్న కసరత్తు ఇదే.

ఊళ్లో ఇల్లు కట్టుకునేవాళ్లను చూడండి. పునాది తవ్వకముందు మేస్త్రీ స్థలంలో తాళ్లు లాగి ముగ్గు పోస్తాడు. ఇది వంటిల్లు, ఇది నడవ, ఇది పడకగది అని చూపిస్తాడు. ఇంటావిడ వచ్చి ఆ గీతల మధ్య నడుస్తుంది. వంటింటి చోట నిలబడి చేతులు చాపి చూస్తుంది. ఇరుకుగా ఉందంటుంది. మేస్త్రీ కాలితో గీత చెరిపేసి, రెండడుగులు అవతల మళ్లీ పోస్తాడు. అయిన ఖర్చు గుప్పెడు ముగ్గు. ఆ మాటే గోడలు లేచి శ్లాబు పడ్డాక అంటే ఎంతవుతుందో ఇల్లు కట్టినవాళ్లకు తెలుసు. స్టూడియోలో ఆ ముగ్గును స్టోరీ రీలు అంటారు.

దీనికి మూలం 1930ల మొదట్లో వాల్ట్ డిస్నీ స్టూడియోలో ఉంది. అక్కడి కళాకారులు కథలోని ఒక్కో ఘట్టాన్ని ఒక్కో చిన్న కాగితం మీద గీసేవారు. ఆ కాగితాలను వరసగా బోర్డుకు పిన్నులతో గుచ్చేవారు. ఈ ఆలోచన వెబ్ స్మిత్ అనే కళాకారుడిదని చెబుతారు. చూడటానికి చాలా చిన్న సంగతి. కానీ గుచ్చిన కాగితాన్ని తీసేయొచ్చు, ముందుది వెనక్కి మార్చొచ్చు. గదిలో ఉన్న పదిమందీ ఒకేసారి మొత్తం కథను కళ్లతో చూడొచ్చు. దానికే స్టోరీబోర్డు అని పేరొచ్చింది.

తర్వాత ఇంకో అడుగు పడింది. ఆ బొమ్మలను వరసగా ఫిల్ము మీదికి ఎక్కించారు. వాటికి మాటలు, సంగీతం, చప్పుళ్లు తాత్కాలికంగా జోడించారు. ఏ బొమ్మ ఎన్ని సెకన్లు తెరమీద ఉండాలో లెక్క కట్టారు. అలా తయారైనదే స్టోరీ రీలు. అందులో బొమ్మలు కదలవు. గీతలు మోటుగా ఉంటాయి. అయినా అది మొదటినుంచి చివరిదాకా నడిచే పూర్తి సినిమా.

కథను నోటితో చెబితే సరిపోదా అన్న ప్రశ్న వస్తుంది. తెలుగు సినిమాలో కథ వినిపించడం పాత సంప్రదాయం. దర్శకుడు నిర్మాతకు చెబుతాడు, హీరోకు చెబుతాడు, పంపిణీదారుకు చెబుతాడు. వాల్ట్ డిస్నీ కూడా అలా చెప్పినవాడే. 1934లో ఒక సాయంత్రం తన కళాకారులను సౌండ్ స్టేజి మీద కూర్చోబెట్టి, 'స్నో వైట్' కథ మొత్తం తానే అన్ని పాత్రలూ నటిస్తూ చెప్పారు. విన్నవాళ్లు దాన్ని ఏళ్ల తరబడి తలుచుకున్నారు. ఆ సినిమా 1937 డిసెంబరులో విడుదలైంది. అంటే ఆ సాయంత్రానికీ సినిమాకూ మధ్య మూడేళ్లకు పైగా పని ఉంది. అందులో బోర్డుల పనీ ఉంది.

ఆ బోర్డుల పని ఎందుకంటే, బాగా చెప్పగలిగినవాడి గొంతు కథలోని కంతలను కప్పేస్తుంది. చెప్పేవాడు ఉత్సాహంగా లేచి నిలబడితే వినేవాడికీ ఉత్సాహం వస్తుంది. నీరసంగా ఉన్న చోట రెండు ముక్కల్లో దాటేస్తే వినేవాడు గమనించడు. రీలులో ఆ వెసులుబాటు లేదు. చెప్పే మనిషి అక్కడ ఉండడు. బొమ్మ, మాట, సమయం, అంతే. నీరసం ఉంటే నీరసంగానే కనిపిస్తుంది. రీలు గొప్పతనం అక్కడే ఉంది.

ఇప్పుడు ఒక అసలు ఉదాహరణ. అది 1995లో వచ్చిన 'టాయ్ స్టోరీ'. పూర్తిగా కంప్యూటర్ మీద తయారైన మొట్టమొదటి పూర్తి నిడివి సినిమా. తీసినది పిక్సార్. డబ్బు పెట్టి విడుదల చేసినది డిస్నీ.

పిక్సార్ అప్పటికి చిన్న కంపెనీ. జార్జ్ లూకాస్ సంస్థలో కంప్యూటర్ విభాగంగా ఉండేది. 1986లో స్టీవ్ జాబ్స్ దాన్ని కొన్నారు. 1988లో జాన్ లాసెటర్ 'టిన్ టాయ్' అనే ఐదు నిమిషాల చిత్రం తీశారు. ఒక రేకు బొమ్మ, దాన్ని నోట్లో పెట్టుకోవాలని చూసే పసిపిల్లాడు. ఆ చిత్రానికి ఆస్కార్ వచ్చింది. 1991లో డిస్నీతో మూడు సినిమాల ఒప్పందం కుదిరింది.

మొదట అనుకున్న కథలో హీరో ఆ రేకు బొమ్మే. ప్రయాణంలో ఒకచోట దాన్ని మరిచిపోతారు. దానికి తోడుగా ఒక మాట్లాడే కొయ్యబొమ్మ, వేదికల మీద గొంతు మార్చి ఆడించే రకం. రేకు బొమ్మ పాతకాలపుదిగా ఉందని దాని చోట వ్యోమగామి బొమ్మ వచ్చింది. అదే బజ్ లైట్ఇయర్ అయింది. చంద్రుడి మీద నడిచిన బజ్ ఆల్డ్రిన్ పేరు పెట్టారు. కొయ్యబొమ్మ చూడటానికి భయంగా ఉందని దాన్ని గుడ్డతో చేసిన కౌబాయ్‌గా మార్చారు. వీపు మీద దారం లాగితే మాట్లాడే బొమ్మ. అదే వుడీ. ఇవన్నీ కాగితాల మీద జరిగిన మార్పులు. ఒక్కో మార్పుకు అయిన ఖర్చు కొన్ని కాగితాలు, కొందరి జీతం. అంతకుమించి లేదు.

పాత్రకు ఎవరి గొంతు కావాలన్నదీ ఇలాగే తేల్చారు. వుడీకి టామ్ హాంక్స్ అయితే బాగుంటుందనుకున్నారు. ఆయన అంతకుముందు నటించిన 'టర్నర్ అండ్ హూచ్' సినిమాలోంచి కొన్ని మాటలు తీసుకున్నారు. ఆ మాటలకు వుడీ బొమ్మ నోరు కదిపి చిన్న ముక్క తయారుచేసి ఆయనకే చూపించారు. తన గొంతు ఆ బొమ్మలోంచి రావడం చూసి ఆయన ఒప్పుకున్నారు. అక్కడ కూడా మాటలతో ఒప్పించలేదు, చూపించి ఒప్పించారు.

1993లో స్క్రిప్టుకు ఆమోదం వచ్చింది. గొంతుల రికార్డింగ్ మొదలైంది. డిస్నీ స్టూడియో అధిపతి జెఫ్రీ కాట్జెన్‌బర్గ్ కథ పదునుగా ఉండాలని పదేపదే కోరేవారు. పిల్లల కథలా మెత్తగా ఉండకూడదు, పెద్దవాళ్లకు కూడా ఘాటుగా తగలాలి. పిక్సార్ వాళ్లకు అది మొదటి సినిమా. డబ్బు పెట్టేవాళ్ల మాట విన్నారు. ప్రతి సూచనతోనూ వుడీ కొంచెం కొంచెం కటువుగా తయారయ్యాడు. ఏ ఒక్క మార్పూ పెద్దది కాదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

1993 నవంబరు 19, శుక్రవారం. అప్పటిదాకా తయారైన రీలును డిస్నీ పెద్దలకు చూపించారు. ఆ రీలులో వుడీ నోరు తెరిస్తే తిట్టు. మిగతా బొమ్మల మీద పెత్తనం. కొత్తగా వచ్చిన బజ్‌ను కావాలనే కిటికీలోంచి కిందికి తోసేస్తాడు. తోసేశాక అడ్డొచ్చిన బొమ్మలను కసురుకుంటాడు. చూస్తున్నవాళ్లకు ఆ పాత్ర మీద ఏవగింపు కలిగింది. చూపించినవాళ్లకే సిగ్గేసింది. డిస్నీ వెంటనే నిర్మాణం ఆపేసింది. పిక్సార్‌లో ఆ రోజుకు 'బ్లాక్ ఫ్రైడే' అనే పేరు నిలిచిపోయింది.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఆ రోజు ఆగింది సినిమా కాదు. ముగ్గు. గోడలు ఇంకా లేవలేదు. అందుకే దిద్దుకోవడం సాధ్యమైంది. పిక్సార్ కథకులు లాసెటర్, ఆండ్రూ స్టాంటన్, పీట్ డాక్టర్, జో రాన్ఫ్ట్ మళ్లీ బోర్డుల ముందు కూర్చున్నారు. రాత్రీపగలూ గీశారు. 1994 ఫిబ్రవరికల్లా కొత్త స్క్రిప్టు పట్టుకెళ్లారు. డిస్నీ మళ్లీ పచ్చజెండా ఊపింది.

ఏం మార్చారో దగ్గరగా చూస్తే ఈ పద్ధతి విలువ తెలుస్తుంది. కిటికీ ఘట్టాన్నే తీసుకోండి. ఇప్పుడున్న సినిమాలో ఈ బొమ్మలన్నీ ఆండీ అనే పిల్లాడివి. వాళ్లమ్మ అతణ్ని పిజ్జా తినడానికి తీసుకెళ్తానంటుంది. ఒక్క బొమ్మనే తెచ్చుకోమంటుంది. ఆ ఒక్క బొమ్మ తానే కావాలని వుడీ ఆశ. బజ్‌ను బల్ల వెనక సందులోకి పడేస్తే ఆండీకి కనబడడు కదా అనుకుంటాడు. రిమోట్ కారును బజ్ మీదికి వదులుతాడు. బజ్ పక్కకు తప్పుకుంటాడు. కారు వెళ్లి గోడకున్న బోర్డును గుద్దుతుంది. పిన్నులు జలజలా రాలతాయి. గ్లోబు ఊడి దొర్లుకుంటూ వస్తుంది. చివరికి బల్ల దీపం గిర్రున తిరిగి బజ్‌ను కిటికీలోంచి బయటికి విసిరేస్తుంది.

రెండింటిలోనూ బజ్ కిటికీలోంచి పడతాడు. రెండింటిలోనూ మిగతా బొమ్మలు వుడీయే చంపాడని నమ్ముతాయి. కానీ ఇప్పుడు వుడీ చేసింది చిన్న తొండి. జరిగింది పెద్ద ప్రమాదం. అది ప్రమాదమని బొమ్మలకు తెలియదు, ప్రేక్షకుడికి తెలుసు. దాంతో ప్రేక్షకుడు వుడీ పక్షాన చేరిపోతాడు. వుడీ ఈర్ష్య అలాగే ఉంది. ఇంట్లో కొత్తగా తమ్ముడు పుట్టినప్పుడు పెద్దపిల్లాడికి కలిగే ఈర్ష్య అది, ఎవరైనా అర్థం చేసుకోగలిగినదే. దాని కంటే ముందు వుడీ బొమ్మలన్నిటినీ కూడగట్టి సమావేశం పెట్టే ఘట్టం ఉంది. ఇల్లు మారబోతున్నాం, ఎవరూ తప్పిపోకుండా ప్రతి ఒక్కరూ ఒక తోడు చూసుకోండని చెబుతాడు. ఆ ఒక్క ఘట్టంతో అతను పెత్తందారు కాదు, పెద్దదిక్కు అని తెలిసిపోతుంది.

ఇదే తప్పు మొత్తం సినిమా తయారయ్యాక బయటపడి ఉంటే ఏమయ్యేది? లెక్క చూడండి. ఆ సినిమాలో 1,14,240 ఫ్రేములున్నాయి. సెకనుకు 24 చొప్పున దాదాపు 80 నిమిషాలు. ఒక్క వుడీ బొమ్మను కదిలించడానికి కంప్యూటర్‌లో 723 మీటలు ఏర్పాటు చేశారు. అందులో ముఖానికే 212, నోటికే 58. నటుడి మాటకు తగ్గట్టు పెదవులు, కళ్లు, కనుబొమలు కదపాలంటే ఎనిమిది సెకన్ల ముక్కకు ఒక యానిమేటర్‌కు వారం పట్టేది. ఆ తర్వాత వెలుతురు, నీడ, రంగు అద్ది ఒక్కో ఫ్రేమును కంప్యూటర్ గీయాలి. అందుకు 117 కంప్యూటర్లు రాత్రింబవళ్లు నడిచాయి. అన్నీ కలిపి ఎనిమిది లక్షల గంటల యంత్రశ్రమ. సినిమా ఖర్చు సుమారు మూడు కోట్ల డాలర్లు. ఆ దశలో కిటికీ ఘట్టాన్ని మార్చాలంటే నెలల పని బూడిదలో పోసినట్టే. మార్చకుండా వదిలేస్తే వుడీని ఎవరూ ప్రేమించరు.

మామూలు సినిమాకూ యానిమేషన్‌కూ ఉన్న తేడా ఇక్కడ చెప్పుకోవాలి. మామూలు సినిమాలో ముందు షూటింగ్, తర్వాత ఎడిటింగ్. కావలసినదానికంటే ఎక్కువ తీసి, తర్వాత కత్తిరిస్తారు. యానిమేషన్‌లో ఎడిటింగే ముందు. రీలులోనే కత్తిరింపులు చాలావరకు అయిపోతాయి. గొంతులు కూడా ముందే రికార్డు చేస్తారు. బొమ్మ తర్వాత వచ్చి ఆ గొంతును అందుకుంటుంది. వారం కష్టపడి చేసిన ఎనిమిది సెకన్లను కత్తిరించి పారేయడం ఎవరికీ ఇష్టం ఉండదు కదా.

రీలు ఉంటే సరిపోదు. చూసి నిజం చెప్పే మనుషులుండాలి. పిక్సార్‌లో ఆ నలుగురైదుగురు కథకుల బృందం క్రమంగా ఒక పద్ధతిగా మారింది. దానికి 'బ్రెయిన్ ట్రస్ట్' అని పేరు. కొన్ని నెలలకోసారి రీలు వేస్తారు. దర్శకులు, కథకులు కలిసి చూస్తారు. తర్వాత గదిలో కూర్చుని ఎక్కడ విసుగొచ్చింది, ఎక్కడ నమ్మబుద్ధి కాలేదు, ఎక్కడ పాత్ర దారి తప్పింది అని చెబుతారు. దీనికో నియమం ఉంది. ఆ గదిలో ఎవరికీ అధికారం లేదు. చెప్పిన మాట వినాలని దర్శకుడికి నిర్బంధం లేదు. దిద్దుకునే దారి వెతుక్కోవడం దర్శకుడి పనే. ఈ నియమం చాలా తెలివైనది. ఆజ్ఞాపించే హక్కు ఉన్నవాడు విమర్శిస్తే దర్శకుడు తనను తాను కాపాడుకునే పనిలో పడతాడు. ఆ హక్కు లేనివాడు విమర్శిస్తే ఆలోచిస్తాడు. వుడీని కటువుగా మార్చింది ఆజ్ఞలే. దారిలో పెట్టింది తోటి కథకుల మాటలు.

టీవీ ధారావాహికలకు రీలు స్థానంలో పైలట్ ఉంటుంది. అంటే ప్రయోగంగా తీసే ఒక్క ఎపిసోడ్. అది చూశాకే ఛానెల్ మిగతా ఎపిసోడ్లకు డబ్బిస్తుంది. అమెరికాలో ఎన్నో పైలట్లు అక్కడితోనే ఆగిపోతాయి. 'స్టార్ ట్రెక్' మొదటి పైలట్‌ను ఎన్‌బీసీ తిప్పికొట్టింది. కానీ ఇంకోటి తీయమంది. దాదాపు నటీనటులంతా మారారు. మొదటి పైలట్‌నుంచి స్పాక్ పాత్ర మాత్రం మిగిలింది. 1966 సెప్టెంబరులో ధారావాహిక మొదలైంది. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' మొదటి పైలట్‌ను కూడా హెచ్‌బీఓ చాలావరకు మళ్లీ తీయించింది. పైలట్ అంటే గీతల బొమ్మ కాదు, ఖరీదైనదే. కానీ పది ఎపిసోడ్లు తీసి తప్పు తెలుసుకోవడం కంటే చవక.

ఇలా ముందే చూసుకుని దిద్దుకోవడం తెలుగు సినిమాకు పరాయి విద్యేమీ కాదు. 1957లో విజయా సంస్థ 'మాయాబజార్' తీసింది. దర్శకుడు కె.వి. రెడ్డి. స్క్రిప్టు పూర్తిగా తేలాకే ఆయన షూటింగుకు వెళ్లేవారని, ఒక్కో సన్నివేశం తెరమీద ఎంతసేపు ఉంటుందో ముందే గడియారం పెట్టి లెక్క కట్టేవారని పేరు. ఆ సినిమాకు మా గోఖలే, కళాధర్ కళాదర్శకులు. సెట్లు, వేషాలు ముందే బొమ్మలు గీసి చూసుకున్నారు. ఇన్నేళ్లయినా అందులో ఒక్క సన్నివేశం తీసేయాలనిపించదంటే, ఆ ముందస్తు కసరత్తు కూడా ఒక కారణమే.

ఇక విడుదల సంగతి. ఇది వేరే లోకం. ఇక్కడ చెరిపి దిద్దుకోవడం తక్కువ. తేదీ ఒకసారి ప్రకటిస్తే దాని చుట్టూ వందల ఒప్పందాలు అల్లుకుంటాయి.

'టాయ్ స్టోరీ'ని 1995 నవంబరు 22, బుధవారం అమెరికాలో విడుదల చేశారు. ఆ మర్నాడు థాంక్స్‌గివింగ్ పండుగ. గురువారంనుంచి ఆదివారందాకా పిల్లలకు సెలవులు. వెనకే క్రిస్మస్, అంటే బొమ్మలు కొనే కాలం. పిల్లల సినిమాకు అంతకంటే మంచి వారం ఉండదు. అంతకు నాలుగు నెలల ముందు, జులైలో, కాలిఫోర్నియాలోని ఆనహైమ్‌లో పూర్తికాని సినిమాను మామూలు ప్రేక్షకులకు వేసి చూపించారు. దాన్ని ప్రివ్యూ అంటారు. డిస్నీ అధినేత మైకేల్ ఐస్నర్ కూడా వచ్చి చూశారు. చివర్లో వుడీ, బజ్ ఇద్దరూ కలిసి కనిపించే షాట్ ఒకటి ఉండాలని చెప్పారు. పెట్టారు. ఆ దశలో చేయగలిగినవి అలాంటి చిన్న దిద్దుబాట్లే.

సినిమా బొమ్మల గురించి. అయినా ఆ పాత్రల బొమ్మలు తయారుచేసి అమ్మే ఒప్పందం దగ్గరే ఇబ్బంది వచ్చింది. తయారీకి వ్యవధి చాలదని పెద్ద కంపెనీలు ముందుకు రాలేదు. చివరికి థింక్‌వే అనే కెనడా కంపెనీ తీసుకుంది. సినిమా ఇంత ఆడుతుందని దుకాణాలవాళ్లు ఊహించలేదు. తక్కువ సరుకు తెప్పించుకున్నారు. క్రిస్మస్ నాటికి బజ్ బొమ్మ కోసం తల్లిదండ్రులు దుకాణాల చుట్టూ తిరిగారు. నాలుగేళ్ల తర్వాత వచ్చిన రెండో భాగంలో ఒక బార్బీ బొమ్మ ఆ కొరత సంగతి చెబుతుంది కూడా. ఆ బార్బీ కథ వేరు. మొదటి సినిమాకు మాటెల్ కంపెనీ బార్బీని ఇవ్వలేదు. విజయం చూశాక రెండోదానికి ఇచ్చింది.

మొదటి వారాంతపు మూడు రోజుల్లో సినిమా దాదాపు 2 కోట్ల 90 లక్షల డాలర్లు తెచ్చింది. అమెరికాలో మొత్తం 19 కోట్ల డాలర్లు దాటింది. విడుదలైన వారానికే, నవంబరు 29న, పిక్సార్ షేర్లు మార్కెట్లోకి వచ్చాయి. 22 డాలర్లకు ఇచ్చిన షేరు ఆ సాయంత్రానికి 39 దగ్గర ఆగింది. ఏడాది తిరగకముందే, 1996 అక్టోబరులో, వీడియో క్యాసెట్ వచ్చింది. ముందు థియేటర్, తర్వాత క్యాసెట్, ఆ తర్వాత టీవీ. ఆ రోజుల్లో మెట్లు అలా ఉండేవి. ఇప్పుడు క్యాసెట్ పోయి ఓటీటీ వచ్చింది. మెట్ల మధ్య దూరం బాగా తగ్గింది. వరస మాత్రం ఇంకా అదే.

తేదీ ఎంత కఠినమైనదో రెండో భాగం చూపించింది. 'టాయ్ స్టోరీ 2'ను మొదట థియేటర్ కోసం అనుకోలేదు. నేరుగా వీడియో క్యాసెట్‌గా తెద్దామనుకున్నారు. వేరే బృందానికి అప్పగించారు. మధ్యలో థియేటర్ సినిమాగా మార్చారు. పెద్ద కథకులంతా అప్పుడు 'ఎ బగ్స్ లైఫ్' పనిలో మునిగి ఉన్నారు. రీళ్లు తయారవుతూనే ఉన్నాయి కానీ కఠినంగా చూసే కళ్లు వాటి మీద లేవు. 1998 చివర్లో తీరిక దొరికి చూస్తే కథలో జీవం లేదు. విడుదల 1999 నవంబరు. బొమ్మల తయారీ, ప్రచారం అన్నీ ఆ తేదీకి ముడిపడి ఉన్నాయి. జరపడానికి వీల్లేదన్నారు.

పిక్సార్ కథను మొదటినుంచీ మళ్లీ కట్టుకుంది. తొమ్మిది నెలల్లో సినిమా పూర్తి చేసింది. సినిమా మొదటిదానికంటే ఎక్కువ వసూలు చేసింది. కానీ ఈసారి మూల్యం కాగితాలతో పోలేదు. కంప్యూటర్ల ముందు తెల్లవార్లూ కూర్చుని పనిచేసినవాళ్ల చేతులు, మణికట్లు దెబ్బతిన్నాయి. దాదాపు మూడోవంతు సిబ్బందికి అలాంటి బాధ వచ్చిందని పిక్సార్ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఎడ్ కాట్‌మల్ తర్వాత రాశారు. ఆ విజయాన్ని చెప్పుకునేటప్పుడు ఈ సంగతి వదిలేయకూడదు. రీలును ఆరునెలల ముందు గట్టిగా చూసి ఉంటే ఆ చేతులకు ఆ బాధ తప్పేది. క్యాసెట్ సినిమా కదా అని తక్కువ నాణ్యతతో సరిపెట్టుకునే పద్ధతిని పిక్సార్ ఆ తర్వాత మానుకుంది.

2006లో డిస్నీ పిక్సార్‌ను 740 కోట్ల డాలర్లకు కొన్నది. కాట్‌మల్, లాసెటర్ డిస్నీ యానిమేషన్ పగ్గాలు కూడా పట్టారు. రీళ్లు చూసి మనసులో మాట చెప్పుకునే అలవాటు అక్కడికీ వెళ్లింది. 2013లో వచ్చిన 'ఫ్రోజెన్' అలా తయారైనదే. అందులో మంచు రాణి ఎల్సాను మొదట దుష్టపాత్రగా అనుకున్నారు. పాటల రచయితలైన లోపెజ్ దంపతులు ఆమె కోసం ఒక పాట కట్టారు. పాట విన్నాక ఆమె చెడ్డది కాదు, భయపడుతున్న మనిషి అని తేలిపోయింది. కథను ఆ పాట చుట్టూ తిరగరాశారు. ఒక్క పాటకు లొంగి కథ మారగలిగిందంటే, అప్పటికి ఆ కథ ఇంకా రీళ్ల దశలోనే ఉండబట్టి.

ఈ సినిమాలు తెలుగు పిల్లల దాకా వచ్చే దారి కూడా విడుదలలో భాగమే. 2019లో 'ది లయన్ కింగ్' తెలుగులో వచ్చినప్పుడు సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు, పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు ఆలీ గొంతునిచ్చారు. అదే ఏడాది 'ఫ్రోజెన్ 2'లో ఎల్సాకు నిత్యా మీనన్, చిన్ననాటి ఎల్సాకు మహేష్‌బాబు కూతురు సితార డబ్బింగ్ చెప్పారు. ఇక్కడ పని తలకిందులవుతుంది. అసలు సినిమాలో గొంతు ముందు, బొమ్మ తర్వాత. డబ్బింగ్‌లో బొమ్మ ముందే తయారై ఉంటుంది, గొంతు దాన్ని అందుకోవాలి. పెదవులు మూసుకున్న చోట ప, బ, మ లాంటి అక్షరం పడాలి. నోరు బాగా తెరుచుకున్న చోట దీర్ఘం పడాలి. తెలుగు వాక్యంలో క్రియ చివరికి వస్తుంది, ఇంగ్లీషులో మధ్యలోనే వచ్చేస్తుంది. పాత్ర వేలు చూపించి గట్టిగా అనేసిన క్షణానికి తెలుగు మాట ఇంకా సగంలోనే ఉంటుంది. అందుకే మాటల రచయిత వాక్యాన్ని అటూ ఇటూ తిప్పి, ముఖ్యమైన మాటను ఆ వేలు లేచిన చోటికి తెస్తాడు. స్టూడియో సంగీతాన్ని, చప్పుళ్లను విడి ట్రాకుగా పంపిస్తుంది. తెలుగు గొంతులను దానితో కలిపి మిక్సింగ్ చేశాక సినిమా ఊళ్ల థియేటర్లకు చేరుతుంది.